మెట్టు లేని దారి

నేను ఒక భవనానికి నమూనాను. టేకు బద్దలతో, అట్టముక్కలతో, జిగురుతో చేసిన బొమ్మను. కొత్తరేవు పట్నంలో సముద్రం వైపు మొహం పెట్టుకుని కూర్చున్న కళాప్రాంగణాన్ని మీరు చూసే ఉంటారు. క్యాలెండర్ల మీద వేశారు, వారపత్రికల అట్టల మీద వేశారు. పొరుగు రాష్ట్రాల నుంచి కాలేజీ పిల్లలు బస్సులేసుకుని వచ్చి దాని బొమ్మ గీసుకుని పోతున్నారు. బోర్లించిన గవ్వలాంటి తెల్లటి కప్పు ఉంటుంది కాబట్టి జనం దాన్ని గవ్వమేడ అంటారు. ఆ గవ్వమేడ నాలోంచి పుట్టింది. నేను ముందు, అది తర్వాత. ఈ సంగతి ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే నాకు ఒళ్ళు మండిపోతోంది. కోపంలో ఉన్నవాళ్ళు తోక ముందు చెప్పి తల తర్వాత చెబుతారు. నేను అలా చెయ్యను, మొదటి నుంచీ చెబుతాను. మీకు తీరిక ఉంటేనే వినండి.

నన్ను చేసినావిడ పేరు నీలవేణి. భవనాలకు రూపం గీసే చదువు మద్రాసులో చదువుకుని, పెళ్ళి చేసుకుని మా ఊరి కోడలిగా వచ్చింది. ప్రభుత్వం వారు మా ఊళ్ళో కళాప్రాంగణం కడతామని, ఎవరి ఆలోచన బాగుంటే వాళ్ళది తీసుకుంటామని ప్రకటించినప్పుడు, ఆవిడ కాగితం ముట్టుకోక ముందే నన్ను చెయ్యడం మొదలుపెట్టింది. అదీ ఇంట్లో, భోజనాల బల్ల మీద. కప్పుకి వంపు రావాలంటే బద్దలకు ఆవిరి పట్టాలి. ఆవిరి పట్టడానికి ఆ ఇంట్లో ఉన్నది ఇడ్లీ పాత్ర ఒక్కటే.

"ఏటే నీలా, ఇడ్లీ పాత్రలో కట్టెలుడకేస్తున్నావా?" అని వాళ్ళ అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి బుగ్గలు నొక్కుకుంది.

"కట్టెలు కాదండీ అత్తయ్యగారూ, కప్పు. వెయ్యిమంది కూర్చుంటారు దీని కింద."

"వెయ్యిమంది సంగతి తర్వాత చూద్దాం. పొద్దున్నే మీ మావగారికి టిఫినేటి పెట్టమంటావు?"

మర్నాడు ఇడ్లీలు టేకు వాసన కొట్టాయి. మావగారు ఒక్క మాట అనకుండా తిని, చెయ్యి కడుక్కుని, వచ్చి నన్ను చూసి "బాగుందమ్మా" అన్నాడు. నా బతుకులో నాకు దక్కిన మర్యాద అంతా ఆ ఇంట్లోనే దక్కింది.

నీలవేణికి ఒక పట్టుదల ఉండేది. పాడేవాళ్ళనీ ఆడేవాళ్ళనీ అడక్కుండా వాళ్ళకి ఇల్లు కట్టకూడదని. అందుకని నన్ను దుప్పట్లో చుట్టి, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని, పెదపూడి మంగతాయారు ఇంటికి తీసుకెళ్ళింది. మంగతాయారు అంటే గోదావరి రెండు గట్ల మీదా తెలియనివాళ్ళు లేరు. పద్యనాటకాల్లో రాజు వేషాలు కట్టిన ఆడమనిషి. మీసం అంటించి, నడుముకి కత్తి బిగించి, తెర వెనక రాగం ఎత్తుకుందంటే, చివరి వరసలో వేరుశెనక్కాయలు ఒలుచుకునేవాడు కూడా కాయ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయేవాడట. అలాంటి మనిషికి మోకాళ్ళు పోయాయి. చదును నేల మీద కర్ర పట్టుకుని బాగానే నడుస్తుంది. మెట్టు మాత్రం ఎక్కలేదు. మా చుట్టుపక్కల హాళ్ళన్నిటికీ వేషాల గది కింద, స్టేజీ పైన. అందుకని ఆవిడ వేషం కట్టి చాలా కాలమైంది.

నీలవేణి నా కప్పు ఎత్తి పక్కన పెట్టింది. మంగతాయారు కళ్ళజోడు తగిలించుకుని, నన్ను ఒళ్ళోకి లాక్కుని, లోపలికి తొంగి చూసింది.

"ఇదేటమ్మాయ్?"

"వేషాల గదండీ పిన్నిగారూ."

"ఇదేనా స్టేజీ?"

"అవునండి."

ఆవిడ రెండు వేళ్ళని మనిషి కాళ్ళలా చేసి, వేషాల గది గుమ్మంలోంచి బయలుదేరి, పక్కనున్న దారమ్మట నడిపించుకుంటూ స్టేజీ మీదికి తీసుకొచ్చింది. వచ్చాక ఆగి, వెనక్కి చూసింది.

"మెట్టేదీ? పెట్టడం మర్చిపోయావా?"

"మర్చిపోలేదండి. తెరలూ సామాన్లూ బండి మీద నేరుగా వెళ్ళాలని ఒకే మట్టంగా పెట్టాను. పెట్టమంటారా మెట్లు?"

"చంపేస్తాను పెట్టేవంటే!" అంది మంగతాయారు. "చూడమ్మా, మా ఆటలో తెర తియ్యగానే రాజు కనపడడు. ముందు రాగం రావాలి. వేషాల గది గుమ్మంలోనే ఎత్తుకోవాలి, ఎత్తుకుని నడవాలి. జనానికి ముందు గొంతు వినపడాలి, ఆ తర్వాతే మనిషి. ఆ నడకలో మెట్టొచ్చిందనుకో, ఊపిరి తెగుద్ది. ఊపిరి తెగితే రాగం తెగుద్ది. రాగం తెగేక రాజేటి, బంట్రోతేటి!"

అప్పటిదాకా నా ఒంట్లో అది ఒక దారి, అంతే. ఆ మాట విన్నాక అదే నాలోకెల్లా ముఖ్యమైన చోటని నాకు తెలిసింది.

"కట్టు తల్లీ. మొదటి ఆట నేనే ఆడతాను. ఈ కర్రకి బంగారు కాగితం చుట్టేసి రాజదండం అంటాను, ఎవడికి తెలుస్తది? కూచోబెట్టి మాత్రం ఆడించకు. రాజు నడిచి రావాలి."

"మాటిస్తున్నానండి. ఒక్క మెట్టు కూడా ఉండదు" అంది నీలవేణి.

తర్వాత నన్ను కలెక్టరాఫీసు మీటింగు హాలుకి తీసుకెళ్ళారు. మంత్రిగారు వచ్చాడు. ఆయన్ని అక్కడ అందరూ పెద్దాయన అనేవారు, నేనూ అలాగే అంటాను. పక్కన ఇంజినీరు చక్రధరరావు, ఇస్త్రీ నలగని సఫారీ సూటుతో. నీలవేణి నన్ను విప్పి చూపిస్తుంటే ఎవడో మహానుభావుడు టీ గ్లాసు తెచ్చి నా కప్పు మీద పెట్టాడు. ఆ మరక ఇప్పటికీ ఉంది.

"భలే ఉందమ్మా! గవ్వ! మన సముద్రానికి తగ్గట్టుంది" అన్నాడు పెద్దాయన. అని, వంగి లోపలికి చూసి, "స్టేజీ మీద కుర్చీలెన్ని పడతాయి?" అని అడిగాడు.

నీలవేణికి అర్థం కాలేదు. "స్టేజీ మీద కుర్చీలెందుకండీ? కుర్చీలు హాల్లో కదండీ ఉండేది."

గదిలో అందరూ పసిపిల్ల మాటకి నవ్వినట్టు నవ్వారు.

"నాటకాలు ఏడాదికి ఏ నాలుగో ఐదో ఆడతారమ్మా" అన్నాడు చక్రధరరావు. "సభలు రోజూ ఉంటాయి. సన్మానాలు, సంతాపాలు, వర్ధంతులు. మరి పెద్దలు ఎక్కడ కూర్చోవాలి?"

అయ్యా, అమ్మా, ఇక్కడ కాస్త ఆగి నన్ను తిట్టుకోనివ్వండి. మన వాళ్ళకి కాస్త ఎత్తు జాగా కనిపిస్తే చాలు, దాని మీద కుర్చీ వెయ్యాలనిపిస్తుంది. కుర్చీ వేశాక దాని ముందు బల్ల, బల్ల మీద గుడ్డ, గుడ్డ మీద పూలగుత్తి. ఆ పూలగుత్తి వెనక ఒక మొహం, ఆ మొహం మెడలో ఇంకో పూలగుత్తి. పాటకచేరీ అని వెళ్తాం. పాడేవాడు గొంతు సవరించుకుని కూర్చుంటాడు. ఈలోగా వరసపెట్టి పెద్దలు లేచి, 'సమయాభావం వల్ల క్లుప్తంగా' అంటూ మొదలుపెడతారు. వాళ్ళ క్లుప్తం పూర్తయ్యేసరికి మృదంగం వాయించేవాడికి ఆఖరి బస్సు వెళ్ళిపోతుంది. పాట వినడానికి వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టి లేచిపోతారు. ఏ దేశంలోనైనా ఇంత నిక్షేపంగా కళని చంపుతారా అని నాకు సందేహం.

ఏమైతేనేం, నన్నే ఎంపిక చేశారు. కప్పు బాగుందని ఎంపిక చేశారు. లోపల ఏముందో ఎవడూ పట్టించుకోలేదు.

పని మొదలయ్యాక నన్ను అక్కడే రేకుల షెడ్డులో ఒక బల్ల మీద పెట్టారు. మేస్త్రీలు వచ్చి వంపు చూసుకుని వెళ్ళేవారు. ఉన్నమాట చెప్పాలి కదా, ఆ కప్పు కడుతుంటే నా కోపం ఎక్కడికో పోయేది. సరుగుడు బాదులు అడవిలా నిలబెట్టి, వాటి మీద చెక్కలు పరిచి, ఇనప చువ్వలు చాపలా అల్లారు. కాంక్రీటు పోసిన రోజున శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆడవాళ్ళు వరసగా నిలబడి తట్టలు చేతులు మార్చుకుంటూ పైదాకా అందించారు. మధ్యలో ఆపితే కప్పుకి అతుకు పడుతుందని ఎవరూ ఆపలేదు. నీలవేణి చీరె కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని వాళ్ళతోపాటు పరంజా ఎక్కి తిరిగింది. చెక్కలు విప్పిన రోజున కింద ఒక్క స్తంభం లేకుండా ఆ గవ్వ అలా నిలబడితే, తట్టలు మోసిన ఆడవాళ్ళు దాని కిందకి వచ్చి తలెత్తి చూసి, ఒకావిడ "ఓలమ్మో, మనమేనేటే ఇది కట్టింది!" అంది. నా వంపు నాకంటే అందంగా అక్కడ నిలబడింది. నేను పొంగిపోయాను.

అదే నా తెలివితక్కువతనం. కప్పు బయటికి కనపడేది కాబట్టి చెప్పినట్టు కట్టారు. పైన పటారం, లోన లొటారం అని ఊరికే అన్నారా! లోపలికి వచ్చేసరికి స్టేజీ పెరగడం మొదలెట్టింది. రోజుకో వరస ఇటుక పెరిగి పెరిగి మనిషి భుజమంత ఎత్తు అయింది. వేషాల గది మాత్రం పాత మట్టంలోనే ఉండిపోయింది. రెంటికీ మధ్య నేను గర్వంగా మోస్తున్న ఆ దారి ఉండాల్సిన చోట ఒక గది లేచింది. దానికి పాలరాతి నేల, గులాబీ రంగు పలకలు వేసిన స్నానాలగది. గుమ్మం మీద 'ప్రముఖుల విశ్రాంతి మందిరం' అని ఇత్తడి అక్షరాలు. వేషాల గదిలోంచి స్టేజీ మీదికి ఇరుకు సందులో ఒక ఇనప మెట్ల వరస బిగించారు. దాన్ని ఎక్కాలంటే కొబ్బరి దింపులవాడు కావాలి.

నీలవేణి కప్పు మీద పనిలో ఉండి ఆలస్యంగా చూసుకుంది. చూసి, చక్రధరరావుని షెడ్డులోకి పిలిచి, నన్ను చూపించి అడిగింది.

"ఇదేమిటండీ? ఈ దారేదీ?"

"మీ గవ్వ మీకు కట్టాం కదమ్మా. పైకి చూడండి, వెంట్రుకవాసి తేడా లేదు."

"గవ్వ చూసి మురవడానికి కాదండీ కట్టింది. లోపల మనుషులు నడవాలి."

"పెద్దలు సోఫాల్లో కూర్చుంటే వెనక వరసవాళ్ళకి మొహాలు కనపడాలా వద్దా? అందుకని ఎత్తు పెంచాం. ఎత్తు పెంచాక మెట్లు తప్పవు. మెట్లొచ్చాక ఆ దారి ఎందుకు, దండగ! పెద్దాయన మధ్యలో లేవాల్సొస్తే ఊరవతలికి వెళ్తాడా?"

నీలవేణి మొహం ఎర్రబడింది. భవనం మీంచి తన పేరు తీసేసుకుంటానంది, పేపరువాళ్ళకి చెబుతానంది. చక్రధరరావు గొంతు పెంచలేదు. అలాంటివాళ్ళు గొంతు పెంచరు.

"మీ ఇష్టమమ్మా. కప్పు మీద తెల్ల పలకలు ఇంకా వెయ్యలేదు. మీరు లేకపోతే మాకు తోచిన రంగు మేం కొట్టించుకుంటాం."

ఆవిడ వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి తిరిగొచ్చి, ప్రారంభోత్సవం రోజుకైనా మెట్ల పక్కన చెక్కతో ఏటవాలు బాట వేయించమని అడిగింది. "ఓస్, అంతేనా!" అన్నాడాయన. ఆవిడ మళ్ళీ కప్పు ఎక్కి తెల్ల పలకలు వేయించుకుంది. నన్ను కన్నతల్లి లాంటిది, అయినా అంటాను: నాకు ఆవిడ మీద కూడా కోపమే. తలపాగా దక్కించుకోవడానికి కాళ్ళు ఇచ్చేసింది.

ప్రారంభోత్సవం వచ్చింది. నన్ను పెద్దాయన ఆవిష్కరించాలట. అందుకని ముందుగానే స్టేజీ పక్కన, తెర చాటున ఒక స్టూలు మీద పెట్టి పట్టుగుడ్డ కప్పారు. గుడ్డ పల్చన కాబట్టి జరిగిందంతా నేను చూశాను. ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది.

చక్రధరరావు మాట తప్పలేదు, ఏటవాలు బాట చేయించాడు. దాని మీద నుంచి కూలీలు సోఫాలు పైకి తోశారు. తోశాక, అది చూడ్డానికి బాగుందని, తీసుకెళ్ళి హాలు వైపు స్టేజీ నడిమధ్యన పెట్టి, ఎర్ర తివాచీ పరిచి మేకులు కొట్టేశారు. మంగతాయారు వేషం వేసుకుని, కిరీటం పెట్టుకుని, బంగారు కాగితం చుట్టిన కర్రతో వేషాల గది గుమ్మంలోకి వచ్చేసరికి అక్కడ ఉన్నవి ఇనప మెట్లే. నీలవేణి పరిగెత్తుకెళ్ళి బాట ఇటు తెమ్మని అడిగింది.

"ఆయ్, అది పెద్దాయన తొక్కాలండి ముందు" అన్నాడు కాపలా ఉన్న మనిషి. "ఆయన పాదం పెట్టకుండా ఎవురూ తొక్కకూడదని ఇంజినీరుగారు గట్టిగా చెప్పేరండి."

"ఆయన ఎప్పుడొస్తారు?"

"తెలీదండి. ఈలోగా మీ నాటకం కానిచ్చెయ్యమన్నారండి. జనం ఊరుకోరు కదండి."

నీలవేణి తిరిగొచ్చి మంగతాయారు చేతులు పట్టుకుంది. "వద్దు పిన్నిగారూ. ఆట ఆపించేస్తాను."

"ఆపుతావా? ఇంత మీసం అంటించుకున్నాక?" అని నవ్వింది మంగతాయారు. నవ్వింది కానీ ఆ మెట్ల వైపు చూస్తూనే ఉంది. "నా గొంతు వినడానికొచ్చేరు వాళ్ళు. నువ్వు నా వెనకాల రా."

హార్మోనియం ఆయన శ్రుతి పట్టాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకుని రాగం ఎత్తుకుంది. నేను చెక్కని, నాకు సంగీతం తెలియదు. కానీ ఆ గొంతు బయలుదేరగానే హాల్లో అంత గోలా అణిగిపోయింది. నా వంపు పుణ్యమా అని, నీలవేణి కష్టం పుణ్యమా అని, మైకు అందుకోకపోయినా ఆ గవ్వ కప్పు ఆ గొంతుని ఎత్తుకుని చివరి వరసదాకా మోసుకుపోయింది. అందుకే కట్టారు దాన్ని. సరిగ్గా అందుకే. ఆవిడ నడిచింది, మెట్ల దగ్గరికి వచ్చింది, కర్ర ఊని మొదటి మెట్టు ఎక్కింది. గొంతు నిలబడింది. ఇంకోటి ఎక్కింది. గొంతు వణికింది. పై మెట్టు మీద కాలు వేసి లేవబోయింది, మోకాలు లేవనివ్వలేదు. ఊపిరి తెగింది. రాగం సగంలో పుటుక్కుమంది.

అప్పుడు మైకు చేతిలో ఉన్న వ్యాఖ్యాత ఏం చెప్పాడో తెలుసా? "మైకులో సాంకేతిక లోపం ఏర్పడింది. ప్రేక్షక మహాశయులు దయచేసి సహకరించవలసిందిగా కోరుతున్నాము" అన్నాడు. జనం సహకరించారు. ఎవడో వచ్చి మైకుని వేలితో టకటకా కొట్టి "హలో, హలో" అన్నాడు. మంగతాయారు ఆ హలోలు వింటూ, నీలవేణి భుజం పట్టుకుని ఆ మెట్లు వెనక్కి దిగింది.

తర్వాత పెద్దాయన రానే వచ్చాడు, తివాచీ తొక్కాడు, సోఫాలు నిండాయి. నా మీద గుడ్డ తీసి చప్పట్లు కొట్టారు. 'కళాకారులే జాతికి ఊపిరి' అన్నాడాయన మైకులో. ఊపిరట! నాకే నోరుంటే అక్కడే దులిపేసేదాన్ని. ఆట లేదు, టైము లేదన్నారు. శాలువా ఒకటి వేషాల గదికి పంపించి, రాజు దుస్తుల మీదే కప్పి ఫోటో తీశారు.

ఆ రోజుతో నీలవేణి కళ్ళు తెరుచుకున్నాయి. చక్రధరరావుతో అందరి ముందూ పోట్లాడింది. వాళ్ళు ఆవిడని పిలవడం మానేశారు. భవనానికి పేరు మాత్రం దేశమంతా వచ్చింది. ఇంతలో ఆవిడ భర్తకి నెల్లూరు బదిలీ అయింది. వెళ్ళేముందు మంగతాయారుని వెంటబెట్టుకుని, హాలు ముందు వసారాలో అద్దాల పెట్టెలో ఉన్న నా దగ్గరికి వచ్చింది.

"పిన్నిగారూ, మీ నాటక కళాకారుల సంఘం తరఫున కలెక్టరుగారిని అడగండి. ఆ గది కొట్టేసి దారి మళ్ళీ వెయ్యొచ్చు, స్టేజీ దించొచ్చు. కష్టమేం కాదు. అసలు దారి ఎప్పుడూ లేదని వాళ్ళంటే, ఇదిగో, ఇది చూపించండి. ప్లాను కాగితాలు ఎన్నిసార్లో మార్చారు, ఇది మాత్రం అబద్ధం చెప్పదు."

నా మీద అంత నమ్మకం పెట్టి వెళ్ళింది.

సంఘం వాళ్ళు అడిగారు. కొత్తగా వచ్చిన కలెక్టరు కుర్రాడు, మంచివాడే. "మొదటి ఆలోచనలో దారి ఉందని తేలితే నేను వేయించి తీరతాను. లేకపోతే కట్టిన దాన్ని పగలగొట్టించడం నా వల్ల కాదు. నమూనా ఉందంటున్నారు కదా, వచ్చి చూస్తాను" అన్నాడట. మంగతాయారు ఆ కబురు విని, మళ్ళీ రోజూ పొద్దున్నే సాధన మొదలుపెట్టిందని హాలు ఊడ్చే ఆవిడ చెబితే విన్నాను. నాకు ఎంత ధైర్యం వచ్చిందో! అంతా నా చేతిలోనే ఉంది, ఒక్కసారి మూత తీస్తే చాలు.

కలెక్టరు రాకముందే మూత తీశారు. ఒక వడ్రంగి వచ్చాడు, సన్న రంపం, జిగురు డబ్బా పట్టుకుని. "నమూనా ఒకలా, భవనం ఒకలా ఉంటే చూసేవాళ్ళు తికమకపడుతున్నారు. భవనంలాగే చేసెయ్" అని చక్రధరరావు దగ్గరుండి చెప్పాడు. నకలు తప్పయితే అసలుని దిద్దేవాణ్ణి నేను చూడటం అదే మొదలు. వడ్రంగి రంపం నా దారి మీద పెట్టి కోశాడు. స్టేజీ కింద అట్టలు పేర్చి పైకి లేపాడు. దారి ఉన్న చోట ఒక గది అతికించాడు. అగ్గిపుల్లలు విరిచి మెట్లు చేశాడు. పాపం, వాడికేం తెలుసు? పాడైన బొమ్మని బాగుచేస్తున్నాననుకున్నాడు. "ఆయ్, బాగా కుదిరిందండి" అని వెనక్కి జరిగి చూసుకున్నాడు.

కలెక్టరు వచ్చాడు. మంగతాయారు, హార్మోనియం వాయించే గవర్రాజు, సంఘం వాళ్ళు ఇంకొందరు వచ్చారు. ఉతికిన చీరె కట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది ఆవిడ. పెట్టె తెరిచి, నా కప్పు ఎత్తారు.

"చూపించండమ్మా" అన్నాడు కలెక్టరు.

"ఇదిగో బాబూ, వేషాల గది. ఇక్కడ నించి ఇలాగ..." అని ఆగిపోయింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. "ఇక్కడే ఉండాలి బాబూ."

"ఎక్కడమ్మా?"

"ఇక్కడ గదుందే! మెట్లున్నాయే!"

"మొదటి నుంచీ ఇంతేనమ్మా" అన్నాడు చక్రధరరావు మెత్తగా. "ఆ నీలవేణమ్మ స్వయంగా చేతులతో చేసిందే కదా ఇది."

నేను అరిచాను. కోశారమ్మా, నిన్న గాక మొన్న కోశారు, ఆ మెట్లు నావి కావు, గోటితో గీకి చూడు అని అరిచాను. చెక్క అరిస్తే ఎవరికి వినపడుతుంది?

ఆవిడ నా కప్పుని నిమిరింది, టీ మరకని చూసింది. "ఇదే గవ్వ. ఇదే బొమ్మ. నా ఒళ్ళో పెట్టుకుని చూశాను." రెండు వేళ్ళని ఆ మెట్ల దాకా నడిపించి, ఆపేసి, "అయితే నా మతే పోయింది" అంది.

"ఫర్వాలేదమ్మా, వయసు మీద పడితే ఎవరికైనా ఇంతే" అన్నాడు కలెక్టరు. మంచివాడు అన్నానుగా. జాలిపడ్డాడు.

"తమరిని అనవసరంగా తిప్పేను బాబూ, ఏమీ అనుకోకండి" అని ఆవిడ ఆయనకీ, చక్రధరరావుకీ కూడా దండం పెట్టింది. చక్రధరరావుకి! ఆ దండం ఆయన అందుకున్నాడు.

అందరూ వెళ్ళాక గవర్రాజు ఆవిడని నా పక్కనే బెంచీ మీద కూర్చోబెట్టాడు. "నీ మతేం పోలేదక్కా. మెట్లు లేవని నువ్వు అప్పుడే చెప్పేవు, నాకు గుర్తే. ఆ నీలవేణమ్మకి ఉత్తరం రాద్దాం."

"నేను చెప్పింది నీకు గుర్తుందిరా. నేను చూసింది నాకే గుర్తులేదు. రాయకు. ఆ పిల్ల మొగమాటానికి 'మీరే కరెక్టు పిన్నిగారూ' అంటది. నాకు జాలి వొద్దు."

"పోనీ దారి లేకపోతే పోయె. స్కూలు మైదానంలో నేల మీదే ఆడదాం. అక్కడ మెట్టూ లేదు, ఏటీ లేదు."

"ఎలా ఆడతానురా?" అంది ఆవిడ. ఆ గొంతులో అంత భయం నేను ఇనప మెట్ల మీద కూడా వినలేదు. "మెట్లున్నవి లేవని గుర్తున్నదాన్ని, పద్యాలు ఉన్నవి ఉన్నట్టు చెబుతానని నమ్మకమేటి? నడి ఆటలో పద్యం మర్చిపోయిన రాజుని చూసి జనం నవ్వుతారు. నా వేషాల పెట్టె తీసుకెళ్ళి ఎవరికైనా ఇచ్చెయ్యి."

ఆ రోజు నుంచి ఆవిడ సాధన మానేసిందట. గవర్రాజు ఏదైనా పద్యం ఎత్తుకుంటే, వినకుండా లేచి లోపలికి వెళ్ళిపోతుందట. మోకాళ్ళు పోయినా పాట పోనివ్వని మనిషిని, నా లోపల అగ్గిపుల్లలు అతికించి చంపేశారు. ఈ సంగతి ఆవిడకి తెలియదు, నీలవేణికి తెలియదు. తెలిసినవాళ్ళు ముగ్గురం. చక్రధరరావు చెప్పడు. వడ్రంగికి తను చేసిందేమిటో తెలియదు. నేను ఈ అద్దాల పెట్టె దాటి వెళ్ళి ఆవిడకి చెప్పలేను.

అందుకే మీకు చెబుతున్నాను. ఈ పెట్టె ముందు నిలబడి ఫోటోలు తర్వాత తీసుకుందురుగాని. ఆవిడ ఇల్లు చేపల మార్కెట్టు వెనక సందులో, చివరి పెంకుటిల్లు. వెళ్ళి తలుపు కొట్టండి. "అమ్మా, దారి ఉండేది, ఒక్క మెట్టు కూడా లేదు, నువ్వు చూసింది నిజమే, నీ మతికేమీ కాలేదు" అని చెప్పండి. ఆలస్యం చెయ్యకండి. నోట్లో ఆడకపోతే పద్యాలు నిజంగానే పోతాయి.